నీళ్లకూ తోడు కావాలి

శ్రోతలకు నమస్కారం.

మే నెల మధ్యాహ్నం అనంతపురం బస్టాండ్ దగ్గర కూల్‌డ్రింక్ కొన్నవాళ్లలో కొందరైనా ఇది చూసే ఉంటారు. డీప్‌ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాలో డ్రింక్ నీళ్లలాగే కదులుతుంటుంది. మూత తిప్పి గ్యాస్ బుస్సుమనగానే, పైనుంచి కిందికి తెల్లగా గడ్డకట్టుకుపోతుంది. బయట ఎండ మండుతుంటే ఇదెలా?

సున్నా డిగ్రీల దగ్గర నీళ్లు గడ్డకడతాయని బడిలో చదువుకున్నాం. గడ్డకట్టడానికి చల్లదనం ఒక్కటే చాలదు. పాలకు తోడు వేసినట్టు నీళ్లకూ తోడు కావాలి. దుమ్ము రేణువో, గ్యాస్ బుడగలో, ఏదో ఒకటి. ఏమీ లేని శుభ్రమైన నీటి బొట్లు మైనస్ 40 దరిదాపుల దాకా నీళ్లుగానే ఉండగలవు.

ఆ తోడుకు కరెంటు గుణం ఉంటే? 2010లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు లిథియం టాంటలేట్ అనే స్ఫటికం మీద నీటి బొట్లు పెట్టి చూశారు. చల్లబడినా వేడెక్కినా ఈ స్ఫటికం ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. చల్లబరిచినప్పుడు రుణావేశం వచ్చిన ముఖానికి, వేడిచేస్తే ధనావేశం వస్తుంది. రుణావేశం ఉన్న ముఖం మీద నీళ్లు మైనస్ 18 దాకా మొండికేశాయి. ధనావేశం ఉంటే మైనస్ 7కే గడ్డకట్టాయి.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి ముచ్చట. రుణావేశపు ముఖం మీద బొట్టు మైనస్ 11 దగ్గర ఇంకా నీరే. స్ఫటికాన్ని కొంచెం వేడిచేసి మైనస్ 8కి తెచ్చారు. ఆవేశం తారుమారైంది, బొట్టు ఠక్కున గడ్డకట్టింది. వేడి చేస్తే మంచు! నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణం, హైడ్రోజన్ వైపు కాస్త ధనం. అందుకే ఆవేశాన్ని బట్టి అణువులు తిరిగి నిలబడే తీరు మారుతుంది. ధనావేశపు ముఖం మీద మంచు స్ఫటికాన్ని ఆనుకుని అడుగునుంచి మొదలైంది, రుణావేశపు ముఖం మీద గాలి తగిలే పైభాగం నుంచి.

ఈ స్ఫటికాన్ని మబ్బుల్లో చల్లితే వాన పడుతుందని నేను చెప్పడం లేదు. మేఘమథనానికి వాడే సిల్వర్ అయోడైడ్ పని కూడా తోడు వేయడమేనని మాత్రం చెప్పగలను. దాని అణువుల అమరిక మంచు అమరికకు దగ్గరగా ఉంటుంది. జూన్‌లో వేరుశనగ విత్తనం సిద్ధం చేసుకుని మనం తలెత్తి చూసే ఎత్తైన మబ్బుల్లో, సున్నా కంటే చల్లబడి కూడా గడ్డకట్టని బొట్లు తేలుతూనే ఉంటాయి.

సెలవు.