ఒక్క తూటా కోసం ఆరు నెలలు

[తెర మీద: తెల్లవారుజాము. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్. పరుగెత్తే కుర్రాళ్లు.]

నమస్తే. పొద్దున ఐదింటికి ఇక్కడికి వస్తే ఈ తమ్ముళ్లు కనిపిస్తారు. ఆర్మీ ర్యాలీ కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తుంటారు. ఎవరిని కదిలించినా "బార్డర్‌కి పోతా అన్నా" అంటారు. వీళ్లకు చూపించాలనిపించే యుద్ధం సినిమా ఒకటుంది. అందులో హీరో శత్రువు మీద ఒక్క తూటా కూడా కాల్చడు.

పేరు జార్‌హెడ్. 2005లో వచ్చింది. దర్శకుడు శామ్ మెండెస్. గల్ఫ్ యుద్ధానికి వెళ్లిన అమెరికా మెరైన్ దళం స్నైపర్ (దూరం నుంచి గురిపెట్టి కాల్చేవాడు) ఆంథనీ స్వాఫర్డ్ రాసుకున్న జ్ఞాపకాలే కథ. ఆ పాత్ర వేసింది జేక్ జిలెన్‌హాల్.

[తెర మీద: తేదీలు ఒక్కొక్కటిగా]

ముందు ఈ లెక్క చూడండి, సినిమా ప్రాణం ఇందులోనే ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అమెరికా ఐదు లక్షలకు పైగా సైన్యాన్ని గల్ఫ్‌లో దింపింది. విమానాల దాడి మొదలైంది 1991 జనవరి 17న. నేల మీద సైన్యం కదిలింది ఫిబ్రవరి 24న. వంద గంటల్లో అయిపోయింది. ముందుగా వెళ్లినవాళ్లు ఆరు నెలలు ఎదురుచూసింది ఆ నాలుగు రోజుల కోసం.

ఆరు నెలలు ఏం చేస్తారు? నీళ్లు తాగుతారు. ఇసుకలో గస్తీ తిరుగుతారు. తుపాకీ తుడుస్తారు, మళ్లీ తుడుస్తారు. టీవీ వాళ్లొస్తే ఆ ఎండలో గ్యాస్ మాస్కులతో ఫుట్‌బాల్ ఆడి చూపిస్తారు. ఇంటి దగ్గర మోసం చేసిన ఆడవాళ్ల ఫొటోలు ఒక బోర్డుకి అంటిస్తారు. రోజర్ డీకిన్స్ కెమెరాలో ఇసుక, ఆకాశం రెండూ ఉతికి ఉతికి వెలిసిన బట్టలా ఉంటాయి. కన్ను ఆనే చోటు ఉండదు. సినిమా స్లో అనేవాళ్లున్నారు. నాకైతే ఆ స్లోనే సినిమా.

ఇంకో సీన్ చెప్పాలి. ఎడారికి వెళ్లకముందు సైనికులంతా థియేటర్‌లో వియత్నాం యుద్ధం మీద తీసిన పాత సినిమా 'అపోకలిప్స్ నౌ' చూస్తుంటారు. హెలికాప్టర్లు ఊరి మీద పడుతుంటే ఈలలు, కేకలు. మన దగ్గర బెనిఫిట్ షోలో హీరో ఎంట్రీకి ఎంత గోలో, అంత గోల. మధ్యలో బొమ్మ ఆగిపోతుంది, లైట్లు వెలుగుతాయి, యుద్ధానికి పిలుపొచ్చిందని చెబుతారు. ఆ పాత సినిమాకు పనిచేసిన వాల్టర్ మర్చ్, దీనికీ ఎడిటర్. తెర మీద యుద్ధం చూసి ఉడుకెత్తిన ఈ పిల్లలకు, అలాంటి యుద్ధం చివరిదాకా దొరకదు.

[తెర నలుపు. రెండు సెకన్లు శబ్దం లేదు.]

ఇక ఆ సీన్. చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి.

స్వాఫర్డ్, అతని జోడీ ట్రాయ్. టవర్‌లో ఇరాక్ ఆఫీసర్. గురి కుదిరింది, అనుమతి వచ్చింది, వేలు ట్రిగ్గర్ మీద ఉంది. తలుపు తీసుకుని ఒక మేజర్ వస్తాడు. ఆగండి, విమానాలు వస్తున్నాయి అంటాడు. ట్రాయ్ బతిమాలతాడు. ఒక్క షాట్, ఎవరు చంపితే ఏముంది అని ఏడుస్తాడు, తన్నుకుంటాడు. కిటికీ అవతల బాంబులు పడి అంతా బూడిదవుతుంది. ఒక మనిషిని చంపనివ్వలేదని ఏడ్చే కుర్రాడిని చూసి మనకూ గొంతు పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుందని ఆ రాత్రంతా ఆలోచించాను. వాళ్లతో పాటు మనమూ ఎదురుచూశాం కాబట్టి.

యుద్ధం అయిపోయిందని తెలిసిన రాత్రి, స్వాఫర్డ్ తుపాకీ మొదటిసారి పేలుతుంది. ఆకాశంలోకి.

[తెర మీద: మండే చమురు బావి, నల్లటి పొగ]

ఈ ఎడారి మనకు పరాయిది కాదు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ ఊళ్లనుంచి గల్ఫ్‌కు పోని వాడ లేదు. ఇరాక్ వచ్చినప్పుడు మా పెద్దబాపు కువైట్‌లో ఉన్నాడు. జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, ఎయిర్ ఇండియా విమానంలో వచ్చాడు. అలా దాదాపు 1,11,000 మంది భారతీయులు ఇల్లు చేరారు. ఆయన వచ్చేముందు రెండు నెలలు ఉత్తరం లేదు, ఫోన్ లేదు.

మొన్న పెద్దబాపుకీ పెద్దమ్మకీ ఈ సినిమా చూపించాను. ఇసుకను చూసి పెద్దబాపు ఏమీ అనలేదు. సైనికులకు టపా పంచే సీన్ దగ్గర పెద్దమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "వీళ్లకైతే ఉత్తరాలు అందుతున్నయ్. మరి వీళ్ల ఇంటోళ్లకు అందినయా బిడ్డా?"