ఊళ్లో దోమలన్నీ చావక్కర్లేదు: 48 మినుములతో మలేరియా లెక్క

[దృశ్యం: టేబుల్ మీద స్టీలు పళ్లెం. మినుములు లెక్కపెడుతున్న చేయి.]

నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. సరిగ్గా 48 మినుములు. కాసేపట్లో వీటిలో ఒక్కటే మిగులుతుంది. అదెలాగో చూసేముందు ఒకసారి సికింద్రాబాద్ వెళ్లొద్దాం.

[దృశ్యం: బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరున్న పాత భవనం.]

1897 ఆగస్టు. సైన్యంలో డాక్టరుగా ఉన్న రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున డబ్బులు కూడా ఇచ్చాడు. ఆ బేరంలో ఎవరికి లాభమొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు! 20వ తేదీన ఆ దోమల్లో ఒకదాని పొట్ట కోసి మైక్రోస్కోప్‌లో చూస్తే, పొట్ట గోడలో మలేరియా క్రిమి దొరికింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమకాటుతోనే అది పాకుతుందని చూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. నాకు ఇంతకన్నా ఆసక్తిగా అనిపించేది రాస్ ఆ తర్వాత చేసిన పని.

దోమలే కారణమైతే దోమల్ని తగ్గించండి అని రాస్ ఊరూరా చెప్పాడు. 'ఎన్నని చంపుతావయ్యా? ఒక గుంట పూడిస్తే పక్క గుంటలోంచి వస్తాయి' అన్నారు. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఆ ప్రయత్నం చేసి చూశారు, పెద్దగా ఫలితం రాలేదు. విమర్శకులకు అంతకన్నా ఏం కావాలి? దానికి రాస్ ఇచ్చిన జవాబు లెక్క రూపంలో ఉంది. 1908లో మారిషస్ మలేరియా మీద రాసిన నివేదికలో మొదలుపెట్టి, 1911 నాటికి దాన్ని పూర్తిస్థాయి సమీకరణాలుగా మార్చాడు.

సమీకరణాల జోలికి వెళ్లకుండా పళ్లెం దగ్గరికి వద్దాం.

[దృశ్యం: పళ్లెం, దగ్గరగా.]

వెయ్యి మంది ఉన్న ఊరు అనుకోండి. అందులో ఒక్కరి రక్తంలోనే, దోమకు అంటుకునే దశలో, మలేరియా క్రిమి ఉంది. ఆ నెలలో ఊళ్లో 48,000 దోమలున్నాయి. ఇప్పుడు ఒక్కో మినుము వెయ్యి దోమలు.

రాస్ వేసిన మొదటి అంచనా: దోమల్లో నాలుగో వంతుకే మనిషి రక్తం దొరుకుతుంది. మిగతావాటికి గేదెలో, గొడ్లో, లేదంటే పస్తే.

[చేయి 36 గింజలు పక్కకు జరుపుతుంది.]

పన్నెండు. అంటే 12,000 కాట్లు. వాటిని వెయ్యి మందికి పంచితే మన రోగి వాటా ఎంత? పన్నెండే. కాబట్టి ఇక్కడినుంచి ఒక్కో మినుము ఒక్కటే దోమ.

రెండో అంచనా: రోగి రక్తం తాగగానే దోమ ఇంకొకరికి జబ్బు అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో ఎదగడానికి పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నాళ్లు బతికేది మూడో వంతే.

[నాలుగు గింజలు.]

ఆ నాలుగింటిలో మళ్లీ నాలుగో వంతుకే ఇంకో మనిషి దొరుకుతాడు.

[ఒక్క గింజ.]

48,000 దోమలుంటే నెలకు ఒక్క కొత్త రోగి! దోమలు సగమైతే సగం రోగి, అంటే రెండు నెలలకు ఒకరు. ఈలోగా పాత రోగులు కోలుకుంటూ ఉంటారు. కోలుకునే వేగం కన్నా కొత్తగా అంటుకునే వేగం తగ్గితే జబ్బు తనంతట తానే ఆరిపోతుంది. కోలుకునే కాలం లాంటివన్నీ కలిపి రాస్ ఒక గీత గీశాడు: నెలకు మనిషికి సుమారు 40 దోమలు. అంతకన్నా తక్కువుంటే మలేరియా నిలబడదు. దోమ లేని ఊరు అక్కర్లేదు, గీత కిందికి దించితే చాలు. ఊరంతా తిరిగి చూసినా ఆ గీత కంటికి ఆనదు. లెక్క వేస్తేనే తెలుస్తుంది.

మరి ఆ మూడో వంతు ఎక్కడినుంచి వచ్చింది? రాస్ వేసినది ఉజ్జాయింపు అంచనా. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే బ్రిటిష్ మలేరియా శాస్త్రవేత్త సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

[దృశ్యం: ఫోన్ క్యాలిక్యులేటర్.]

దోమ రేపటిదాకా బతికే అవకాశం 0.9 అనుకోండి. పది రోజులు బతకాలంటే 0.9ని పదిసార్లు గుణించాలి. మీరూ నొక్కి చూడండి: 0.35 దగ్గర ఆగుతుంది. రాస్ మూడో వంతుకు దాదాపు సరిపోయింది కదా. ఇప్పుడు 0.9 బదులు 0.8 పెట్టండి. చిన్న తేడాయే. పదిసార్లు గుణిస్తే 0.107. మూడో వంతు కాస్తా తొమ్మిదో వంతుకు పడిపోయింది! మన పళ్లెంలో ఆ దశలో నాలుగు గింజలు కాదు, ఒకటీ చిల్లర.

గుంటలో లార్వాను చంపితే దోమల సంఖ్య సగమవుతుంది, జబ్బూ సగమవుతుంది. దోమ మనిషిని కుట్టడం సగం తగ్గిస్తే? కాటు లెక్కలో రెండుసార్లు వస్తుంది కదా, రోగిని ఒకసారి, కొత్త మనిషిని ఒకసారి. అందుకని జబ్బు నాలుగో వంతుకు పడిపోతుంది. దోమతెర చేసే మేలు ఇదే. ఇక ఆయుష్షు తగ్గిస్తే ఏమవుతుందో ఇప్పుడే చూశాం. రక్తం తాగిన దోమ బరువెక్కి ఇంటి గోడ మీద వాలుతుంది. ఆ గోడకు మందు కొట్టి ఉంటే, క్రిమి ఎదిగేలోపే దోమ చస్తుంది. ఇళ్ల గోడలకు డీడీటీ అనే పురుగుమందు కొట్టడం వెనక బలం ఈ గుణకారమే.

మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1960ల మధ్యకల్లా కేసులు సుమారు లక్షకు దిగాయి. నిజంగానే పోయినట్టే అనుకున్నారు. 1976లో 64 లక్షలు దాటాయి.

గుణకారం తప్పు కాదు. అందులో పెట్టిన అంకె కదిలిపోయింది. మందు సరఫరాలో, నిఘాలో ఢిలా వచ్చింది. దాంతోపాటు చాలాచోట్ల దోమలు డీడీటీని తట్టుకోవడం నేర్చాయి. గోడ మీద వాలి, విశ్రాంతి తీసుకుని, ఎగిరిపోయాయి. 0.8 అనుకున్నది మెల్లగా మళ్లీ 0.9 వైపు జరిగింది.

[చేయి పక్కనున్న కుప్పలోంచి మూడు మినుములు తీసి, ఒకటీ చిల్లర పక్కన మళ్లీ పెడుతుంది.]