జెండా మారిన మర్నాడు

అధ్యక్షులకు, సభకు నమస్కారం.

వలసపాలన ముగిసింది అనగానే మనకు అర్ధరాత్రి ఉపన్యాసాలు, దిగిన జెండా, ఎగిరిన జెండా గుర్తొస్తాయి. నేను మాట్లాడబోయేది మర్నాడు పొద్దున్నే ఆఫీసు తలుపు తెరిచే మనిషి గురించి. జీతాల బిల్లు మీద సంతకం ఎవరిది? ఖజానా తాళంచెవి ఎవరి దగ్గరుంది? కొత్త దేశాలకు మంత్రులు దొరికారు. మంత్రికీ బంట్రోతుకీ నడుమ ఉండాల్సినవాళ్ళే దొరకలేదు.

బెల్జియం ఏలిన కాంగో సంగతి చూడండి. 1960 జనవరిలో బ్రస్సెల్స్‌లో చర్చలు మొదలైతే జూన్ 30కల్లా స్వాతంత్ర్యం. ఉన్నతోద్యోగాలు 4,000కు పైగా ఉంటే వాటిలో కాంగోవాళ్ళు ముగ్గురే. సైన్యంలో దాదాపు 25,000 మంది సిపాయిలు, సుమారు 1,000 మంది ఆఫీసర్లు. ఆ ఆఫీసర్లంతా బెల్జియన్లే. జూలై 5న సేనాధిపతి జాన్‌సెన్స్ సైనికుల ముందు నల్లబల్ల మీద ‘స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తరవాత’ అని రాశాడు. ఆయన లెక్క ఆయనకు సరిగ్గానే ఉంది: ర్యాంకు అదే, జీతం అదే, దొరా అతనే. ఆ సాయంత్రమే తిరుగుబాటు మొదలైంది. ఆఫీసర్లతోపాటు ఇంజనీర్లు, డాక్టర్లు కూడా పెళ్ళాంబిడ్డలతో దేశం దాటారు. జూలై 11న, అంటే దేశం పుట్టిన పన్నెండో రోజున, రాగి గనులున్న కటాంగా రాష్ట్రం విడిపోతున్నానని ప్రకటించుకుంది. తొలి ప్రధాని లుముంబా ప్రభుత్వం చేతకానిదని రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. చేతులే ఇవ్వకుండా చేతకాదనడం ఏం న్యాయం?

విభజనలో అంత రక్తం పారినా మన దగ్గర ఆఫీసులు మూతపడలేదు. 1947 నాటికి తెల్లదొరల కాలపు ఉన్నతోద్యోగుల సర్వీసు ఐసీఎస్‌లో సుమారు సగం మంది భారతీయులే. పాకిస్తాన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఉమ్మడి ఖజానా నగదులో దాని వాటా 75 కోట్ల రూపాయలు. అందులో 55 కోట్లు కాశ్మీర్ తగాదాలో ఆగిపోయి, 1948 జనవరిలోగానీ కదల్లేదు. సొంత కేంద్ర బ్యాంకు ఆ ఏడు జూలై 1న వచ్చింది. అప్పటిదాకా మన రిజర్వు బ్యాంకు నోట్ల మీదే ‘పాకిస్తాన్ ప్రభుత్వం’ అని అదనంగా అచ్చువేసి చలామణీ చేశారు.

ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసల్లో ఈ నోటు కథ ఇంకా పొడుగు. అక్కడ 1945 నుంచి సీఎఫ్ఏ ఫ్రాంకు అనే ఉమ్మడి కరెన్సీ ఉంది. మారకం రేటు స్థిరం, దానికి హామీ ఫ్రాన్స్‌ది. ఆ హామీకి బదులుగా అక్కడి కేంద్ర బ్యాంకు తన విదేశీ నిల్వల్లో పెద్ద వాటాను పారిస్ ఖజానాలో జమ చేయాల్సి వచ్చేది. 1973 నుంచి మూడు దశాబ్దాలపాటు అది 65 శాతం. దీనివల్ల ధరలు చాలావరకు అదుపులో ఉన్నాయి, కాదనలేం. కానీ రేటు మీద చివరి మాట పారిస్‌దే. 1994 జనవరి 12న ఒక ఫ్రెంచి ఫ్రాంకుకు 50 సీఎఫ్ఏ కాస్తా 100 అయింది. నిన్న తెప్పించిన మందునే ఇవాళ తెప్పించాలంటే రెట్టింపు కట్టాలి.

మరి బయటికొచ్చేస్తే? మాలి 1962 జూలైలో సొంత ఫ్రాంకు తెచ్చింది. సరిహద్దు దాటితే ఆ నోటుకు విలువ లేదు. పశువులూ ఎండుచేపలూ పొరుగు దేశాల్లో అమ్ముకునే వర్తకులకు అది చావుదెబ్బ. ఆ నెలలోనే బమాకోలో వర్తకులు వీధికెక్కారు. 1984లో మాలి తిరిగి సీఎఫ్ఏ గూటికే చేరింది.

ఇక రైలు పట్టాలు. 1964లో స్వతంత్రమైన జాంబియాకు సముద్రం లేదు. రాగి ఓడెక్కాలంటే ప్రధానమైన దారి రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీదుగానే. ఏడాది తిరిగేసరికి అక్కడి తెల్లవాళ్ళ ప్రభుత్వంతో తగువు వచ్చింది. రైల్వే ప్రధాన కార్యాలయమేమో రొడీషియాలోని బులవాయోలో, సరిగ్గా తగువు పడ్డవాడి పెరట్లో! చివరికి చైనా ఇచ్చిన వడ్డీలేని అప్పుతో జాంబియాలోని కపిరి మ్పోషి నుంచి టాంజానియా రేవు దార్ ఎస్ సలాం దాకా 1,860 కిలోమీటర్ల లైను 1975లో పూర్తయింది. జాంబియా పట్టాలకు కలవాలని 1,067 మిల్లీమీటర్ల గేజు (రెండు పట్టాల నడుమ దూరం) వేశారు. టాంజానియాలో జర్మన్ల కాలం నాటి లైను గేజు 1,000. తేడా బెత్తెడు కూడా లేదు. అయినా ఒక లైను వ్యాగన్ ఇంకో లైను మీదికి ఎక్కదు. సరుకంతా దించి మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే.