నీటి పరీక్ష బాగున్నా చేపపిల్లలకు వెన్ను వంకర ఎందుకు? ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: చేపల హేచరీ నడుపుతున్న శ్రోత ఒకరు లైన్‌లో ఉన్నారు. మీ సమస్య చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మేము నది నీటినే తోడుకుంటాము. నీటి పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. అయినా వరద తీసిన తరువాత పొదిగిన పిల్లల్లో చాలావాటికి వెన్ను వంకర తిరిగింది, పొట్ట కింది సొన సంచి ఉబ్బింది, అవి ఈదలేక తొట్టి అడుగున పడి ఉంటున్నాయి.

శాస్త్రవేత్త: నమస్కారం. మీరు పరీక్షకు పంపినది తేరిన నీరు అయి ఉంటుంది. నూనె, బొగ్గు మసిలోని హైడ్రోకార్బన్లు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీలనే రసాయనాలు, చెత్త కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లనే విషాలు నీటిలో కరగడం తక్కువ కనుక మెత్తటి ఒండ్రు రేణువులను అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి నది అడుగున ఉండిపోతాయి. వరద ఆ పొరను లేపినప్పుడు అవి మీ పంపు దాకా వస్తాయి.

శ్రోత: తల్లి చేపలు బాగానే ఉన్నాయి కదండీ?

శాస్త్రవేత్త: పెద్ద చేప కాలేయం హైడ్రోకార్బన్లను చాలావరకు విరిచి బయటికి పంపగలదు. పిండం సంగతి వేరు. గుండె, వెన్ను, దవడ ఏర్పడే ఆ కొద్ది గంటల్లోనే ఫినాంత్రీన్ వంటి హైడ్రోకార్బన్లు గుండె కణాల్లో పొటాషియం, కాల్షియం ప్రవాహాలను అడ్డుకుంటాయి. కొట్టుకోవడం మందగించిన గుండె చుట్టూ, సొన సంచిలోనూ నీరు చేరుతుంది. మీరు చూసిన ఉబ్బు అదే కావచ్చు. అయితే ఆక్సిజన్ తగ్గినా, వేడి హెచ్చినా వెన్ను వంగుతుంది కాబట్టి ముందు ఆ రెండూ చూసుకోండి.

శ్రోత: తేల్చుకోవడం ఎలాగండీ?

శాస్త్రవేత్త: ఒకే తల్లి గుడ్లను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని నది నీటిలోనూ, రెండోదాన్ని గాలి బాగా పట్టించిన బోరు నీటిలోనూ పొదగండి. రెండింటిలోనూ వంకరలు వస్తే తల్లి చేపలను అనుమానించాలి, ఎందుకంటే పీసీబీలు, మిథైల్ పాదరసం తల్లి నుంచి సొనలోకి దిగుతాయి. నది వైపే వస్తే అడుగు మట్టిని ప్రయోగశాలకు పంపి, ప్రయోగాలకు వాడే చిన్న జీబ్రా చేప పిండాలను ఆ మట్టికి తాకించి చూడమని అడగండి. రసాయనాల జాబితా కన్నా ఆ పరీక్షనే నేను నమ్ముతాను, ఎందుకంటే జాబితాలో లేని విషాన్ని కూడా పిండం పట్టిస్తుంది. నీటికి సంబంధించి 2013లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఆమోదించిన పిండ పరీక్ష 96 గంటల్లో ముగుస్తుంది. ప్రతి 24 గంటలకు గుడ్డు గడ్డకట్టిందా, వెన్ను కణుపులు ఏర్పడ్డాయా, తోక విడివడిందా, గుండె కొట్టుకుంటోందా అని చూస్తారు.

శ్రోత: అదే బ్యాచ్‌లో బాగున్న పిల్లలను అమ్మవచ్చా అండీ?

శాస్త్రవేత్త: అమ్మకండి. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికిన తరువాత జరిగిన ప్రయోగాల్లో, పిండదశలో కొద్దిపాటి చమురు సోకిన పింక్ సాల్మన్ పిల్లలు పైకి ఆరోగ్యంగానే కనబడినా పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి తక్కువగా తిరిగివచ్చాయి. ప్రస్తుతానికి వరద నీటిని తోడకుండా, తోడిన నీటిని తేర్చి, ఇసుక ఫిల్టరు గుండా పంపిన తరువాతే గుడ్ల తొట్టిలోకి వదలండి. అడుగున దిగిన బురదను పరీక్ష ఫలితం వచ్చేదాకా చెరువులో వేయకండి.