రెండు కుళాయిల లెక్క

"పిల్లవాడు బెంగళూరు వెళ్లాడు, ఇక మన పద్ధతులు మరిచిపోతాడు" అని కడపలో పెద్దవాళ్లు బెంగ పడతారు. మారతహళ్లి పీజీలో స్నేహితులేమో "ఇంకా ఇంట్లో అడిగే చేస్తావా?" అని నవ్వుతారు. ఇద్దరి లెక్కా ఒకటే: ఆధునికత పెరిగితే సంప్రదాయం తగ్గాలి. ఈ లెక్క వింటే నాకు ఒళ్లు మండుతుంది. బెంగళూరులో చదువుకునే మన విద్యార్థులకు సంతోషాన్నిచ్చేది సంప్రదాయమా, ఆధునికతా అన్నదే ఈ వీడియోలో మన ప్రశ్న.

(తెర మీద: పక్కపక్కనే రెండు కుళాయిలు)

బెంగళూరులో చాలా ఇళ్లకు కావేరి నీళ్లూ ఉంటాయి, బోరు నీళ్లూ ఉంటాయి. బోరు కుళాయి తిప్పితే కావేరి ఆగిపోదు. రెండూ తిప్పవచ్చు, రెండూ కట్టేయవచ్చు. తైవాన్ మనస్తత్వ శాస్త్రవేత్త యాంగ్ క్వో-షూ బృందం 1980లలో సంప్రదాయానికీ ఆధునికతకూ వేర్వేరు ప్రశ్నావళులు తయారు చేసింది ఇందుకే. ఒకే మనిషికి రెండింట్లోనూ ఎక్కువ మార్కులు రావచ్చు.

కావేరి దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపుల మీద వస్తుంది. ఇంటి విలువలూ అంతే, రాత్రి భోజనం వేళకు అమ్మ చేసే ఫోనే ఆ పంపు. బోరు మాత్రం ఉన్నచోట తవ్వుకున్నది, ఆధునికతలాగే. చాలా అపార్టుమెంట్లలో రెండు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి, కలిశాక ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. మన విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ సంపులాంటివాళ్లే.

ఇక ఏ నీళ్లలో ఏముందో చూడాలి. యాంగ్ జాబితాలో సంప్రదాయం కిందికి తల్లిదండ్రుల మీద భక్తి వస్తుంది, ఓర్పు వస్తుంది, విధి మీద నమ్మకమూ పురుషాధిక్యమూ వస్తాయి. ఆధునికత కింద స్త్రీ పురుష సమానత్వం, ఆశావాదం ఉన్నాయి. సొంత కాళ్ల మీద నిలబడటం కూడా ఉంది, కానీ ఒంటరితనంతో జతగా. అమ్మతో రోజూ మాట్లాడే అమ్మాయి "అన్నయ్య చదువే ముందు" అన్న మాటను ఒప్పుకోకపోవచ్చు. ఆమెను ఏ గడిలో వేస్తారు? "సంప్రదాయం సంతోషాన్నిస్తుందా?" అని అడిగేవాళ్లు ముందు ఏ సంప్రదాయమో చెప్పాలి.

మరి సంతోషాన్ని కొలిచేదెలా? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్ డీనర్ బృందం 1985లో ప్రచురించిన జీవిత సంతృప్తి కొలమానంలో ఐదే వాక్యాలు, మొత్తం 5 నుంచి 35 మార్కులు. 1995లో ఆయన, మారిసా డీనర్ కలిసి 31 దేశాల కళాశాల విద్యార్థులను పరిశీలించారు. ఆత్మగౌరవానికీ జీవిత సంతృప్తికీ ఉన్న ముడి వ్యక్తివాద దేశాల్లో, అంటే కుటుంబం కన్నా మనిషికి ముందు చోటిచ్చే దేశాల్లో, ఎక్కువ గట్టిగా కనిపించింది. 1997లో హాంకాంగ్, అమెరికా విద్యార్థుల మీద వచ్చిన పరిశోధన అయినవాళ్లతో సఖ్యతను కూడా లెక్కలోకి తీసుకుంది. రెండు చోట్లా ఆత్మగౌరవం, సఖ్యత రెండూ పనిచేశాయి, సఖ్యత బరువు హాంకాంగ్‌లో ఎక్కువ. అంటే అక్కడా రెండు కుళాయిలూ తెరిచే ఉన్నాయి!

సమయం అయిపోతోంది, చివరి మాట త్వరగా చెబుతాను. ఇలాంటి సర్వేలు చాలావరకు ఒక్కసారి నింపించే కాగితాలు. ఇంటివాళ్లతో సఖ్యత వల్ల సంతోషం కలిగిందో, సంతోషంగా ఉన్నవాళ్లే ఇంటికి ఎక్కువ ఫోన్ చేస్తారో వాటిలో తేలదు. అది తేలాలంటే అదే విద్యార్థులను ఏళ్ల తరబడి అడుగుతూ పోవాలి. ఫీజుల అప్పు, పరీక్షల ఒత్తిడి కూడా విడదీసి చూడాలి. అది ఇంకో వీడియోకు సరిపడా పని.