ఎనిమిది మందికి టీ, ఐదు నిమిషాల్లో: ఇంట్లో ఇరానీ పద్ధతి

[పొయ్యి మీద రెండు గిన్నెలు. ఒకదాని మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి ఉంది.]

నమస్తే అండీ. ఇవాళ ఆదివారం. సాయంత్రం నాలుగున్నరకి మా ఇంటికి ఎనిమిది మంది స్నేహితులు టీకి వస్తున్నారు. ఇప్పుడు టైమ్ మూడు. ఈ రెండు గిన్నెల పని అయిపోతే, వాళ్లు వచ్చాక ఏ రౌండుకైనా నాకు వంటింట్లో ఐదు నిమిషాలు చాలు.

మొదటిసారి పిలిచినప్పుడు ఇలా జరగలేదు. ముందు ఇద్దరు వచ్చారు, టీ పెట్టాను. కప్పులు అందించేలోపు ఇంకో ముగ్గురు. మళ్లీ గిన్నె కడగడం, మళ్లీ పాలు పొంగకుండా కాపలా. హాల్లోంచి నవ్వులు వినపడుతున్నాయి, దేనికి నవ్వుతున్నారో తెలియదు. వాళ్లంతా వెళ్లిపోయాక చాలా బాధేసింది. అంతమంది వచ్చినా ఎవరితోనూ తీరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒకరోజు హైదరాబాద్‌లో ఇరానీ హోటల్ కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. పొద్దున్నుంచి రాత్రిదాకా జనం వస్తూనే ఉంటారు, అయినా ఒక్కొక్కరి కోసం టీ కాచరు. ఒక పాత్రలో డికాక్షన్, ఇంకో పాత్రలో చిక్కటి పాలు. రెండూ కప్పులో కలిస్తే టీ. అసలు ఇరాన్‌లో టీలో పాలు పోయరు. చిన్న కెటిల్‌లో చిక్కటి డికాక్షన్ ఉంచుకుని, కప్పులో కొంచెం పోసి, సమోవర్, అంటే నీళ్లు కాగుతూ ఉండే పెద్ద పాత్రలోని వేడినీళ్లు కలుపుకుంటారు. ఆ నీళ్ల చోట ఇక్కడ మన పాలు వచ్చి చేరాయని నాకనిపిస్తుంది. ఇంటికి పదిమందిని పిలిచేవాళ్లకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

[దగ్గరగా: మరిగే నీళ్లలో టీ పొడి పడుతోంది.]

ఎనిమిది మందికి తలా రెండు చిన్న కప్పులు, అంటే 100 మిల్లీలీటర్ల కప్పులు పదహారు. లీటరు నీళ్లు మరిగాక 40 గ్రాముల టీ పొడి వేశాను. గుండ్రటి పలుకుల్లా ఉండే మామూలు సీటీసీ పొడే ఇది. ఆకుని నలిపి, చీల్చి, ఉండల్లా చుడతారు కాబట్టి రంగు, చిక్కదనం త్వరగా దిగుతాయి. గిన్నె మూడొంతులకు మించి నింపకండి. మూత పెట్టి, అంచు చుట్టూ చపాతీ పిండి అంటించి, మంట బాగా తగ్గించి 20 నిమిషాలు వదిలేయాలి. బిర్యానీకి దమ్ పెట్టినట్టే. వాసన ఆవిరితో పోకుండా లోపలే తిరుగుతుంది.

[పిండి పట్టీ విడుస్తున్నారు. ఆవిరి.]

మూత తీయగానే ఈ వాసన చూడండి... వంటిల్లంతా నిండిపోయింది. ఇక్కడ ఆలస్యం చేయకూడదు, వెంటనే వడకట్టి ఫ్లాస్కులో పోసేయాలి. పొడి అందులోనే నానుతూ ఉంటే వగరెక్కుతుంది, ఆ తర్వాత ఎన్ని పాలు పోసినా రుచి మళ్లీ రాదు.

రెండో గిన్నెలో లీటరు చిక్కటి పాలు. సన్నమంట మీద, అడుగు గరిటెతో గీరుతూ, 800 మిల్లీలీటర్లకి దిగేదాకా మరిగించాలి. అరగంట పడుతుంది. పక్కకి కట్టిన మీగడని పాలలోకే తోసేయండి, ఇరానీ చాయ్‌లో నాలుకకి తగిలే ఆ మెత్తదనం దాంతోనే వస్తుంది. చాలామంది కోవా కూడా కలుపుతారు. పాలు ఇలా మరిగితే అవసరం లేదని నా అభిప్రాయం.

ఎవరైనా అల్లం టీ కావాలంటే పాలలో మాత్రం పచ్చి అల్లం వేయకండి. అందులోని ఎంజైమ్ పాలని విరిచేస్తుంది. నీళ్లలో, టీ పొడితో పాటే మరిగిస్తే ఆ గుణం పోతుంది. చక్కెర నేను విడిగా పెడతాను. మా ఎనిమిది మందిలో ఇద్దరికి షుగర్ ఉంది. వాళ్లు అడిగి మరీ వేరే టీ పెట్టించుకోవాల్సిన పరిస్థితి రానివ్వకూడదు.

తినడానికి వేడివేడిగా ఒక్కటి చాలు. ఇవాళ మిర్చి బజ్జీ. దానికీ ఇదే ఉపాయం. మూడున్నరకి బజ్జీలన్నీ ముప్పావు వంతు వేయించి తీసేస్తాను. అందరూ కూర్చున్నాక మూడేసి ముక్కలుగా కోసి, బాగా కాగిన నూనెలో ఒక్క నిమిషం. బండి దగ్గర కట్ మిర్చి ఇలాగే చేస్తారు, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం. మిగతావన్నీ డబ్బాలోంచే: చేగోడీలు, చెక్కలు, ఉస్మానియా బిస్కెట్లు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ ఇది. తీపి, ఉప్పు రెండూ ఉంటాయి, చేత్తో గట్టిగా పట్టుకుంటేనే పొడి రాలుతుంది. టీలో ముంచి ఒకటి, రెండు... తీసేయాలి. మూడు లెక్కపెడితే కప్పు అడుక్కి పోయినట్టే.

[హాల్. కింద చాప, దిండ్లు. స్నేహితుల మాటలు.]

వచ్చేశారు. ఇప్పుడు నా చేతుల వైపు చూడండి. పాలు ఒక్క పొంగు వేడి చేశాను. కప్పులో సగందాకా డికాక్షన్, నల్లగా ఉంది. దాని మీద పాలు కాస్త ఎత్తునుంచి పోస్తే అడుగునుంచి రంగు మారుతూ పైకొస్తుంది. కొత్త బెల్లం రంగు దగ్గర ఆపేయాలి. స్ట్రాంగ్ కావాలన్నవాళ్లకి పాలు తగ్గించండి, పల్చగా తాగేవాళ్లకి డికాక్షన్ తగ్గించండి. ఎనిమిది కప్పులూ ఒకే ట్రేలో, ఎవరిది వాళ్లకి.

ఇంకో మాట. ఫ్లాస్కులో రెండు కప్పుల డికాక్షన్ ఎక్కువే ఉంచుకోండి. ఏడున్నరకి అందరూ లేస్తారు, చెప్పులు కూడా వేసుకుంటారు, గుమ్మం దగ్గర మళ్లీ ఏదో పాత సంగతి మొదలవుతుంది. అప్పుడు వన్ బై టూ చేసి, నిలబడే తాగుతాం.

[ట్రే ఎత్తుకుని హాల్లోకి నడుస్తున్నారు.]

నేను వెళ్లి కూర్చుంటాను మరి.