బోరు మోటారు లాగే ముందు టాంగ్ టెస్టర్ పెట్టి చూడండి

(దృశ్యం: పొలం గట్టు. రేకు డబ్బాలో స్టార్టర్. పక్కన టాంగ్ టెస్టర్, అంటే వైరు చుట్టూ దవడ పెట్టి కరెంటు కొలిచే మీటరు.)

నమస్తే అండీ. మోటారు ఆగిందంటే మనం మొదట ఫోన్ కొట్టేది పైపులు లాగేవాళ్లకే. ఒకసారి మేమూ అదే చేశాం. పైపులన్నీ తీసి, మోటారును గట్టున పడుకోబెట్టి చూస్తే నిక్షేపంగా ఉంది. స్టార్టర్ విప్పితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పాయింట్ల మధ్య ఎండిపోయిన బల్లి! ఆ బల్లికి మేం కట్టింది ఒక రోజు కూలీలు, లాగుడు బండి కిరాయి.

జబ్బు కరెంటుదో, పంపుదో గట్టు మీదే చాలావరకు తేలిపోతుంది.

(దృశ్యం: మీటర్ ముళ్లు ఫేజుల మీద.)

ముందు వోల్టేజీ. ఫేజులను రెండేసి చొప్పున కొలవండి. మూడు రీడింగులూ 415 వోల్టులకి అటూఇటుగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. తేడా కొట్టిందంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయి ఉండొచ్చు. ఆ ఫ్యూజు జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు, లైన్‌మన్‌ని పిలవండి. మోటారు గుయ్యిమని మూలుగుతుంటే వెంటనే ఆపేయండి. రెండు ఫేజుల మీదే ఉండిపోతే, స్టార్టర్‌లోని రిలే ట్రిప్ అయి మోటారును ఆపకపోతే, వైండింగ్ మాడిపోతుంది.

(దృశ్యం: టాంగ్ టెస్టర్ దవడలో ఒక్క వైరు.)

ఇప్పుడు అంపియర్లు. 5 హెచ్‌పీ బోరు మోటారు మామూలుగా 8 నుంచి 10 దాకా లాగుతుంది. అసలు లెక్క నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది, అదేమో బోరులో ఉంటుంది! దించేరోజే ఫోటో తీసి పెట్టుకోండి.

వోల్టేజీ సరిగ్గా ఉండి, మూడు వైర్లలోనూ అంపియర్లు ఎక్కువ చూపిస్తే పంపు బిగుస్తోందని. ఇసుక పట్టిందో, బుష్‌లు అరిగాయో. తక్కువ చూపించి, కాసేపు నీళ్లు పోసి తర్వాత గాలి కొడుతుంటే బోరులో నీళ్లు అడుగంటాయి. అసలు మొదటి నుంచీ చుక్క రాకపోతే మోటారునూ పంపునూ కలిపే కప్లింగ్ విరిగిందేమోనని చూడాలి.

ఒక్క వైరులోనే ఎక్కువ ఉంటే? ఇది చాలామంది మెకానిక్కులు కూడా వదిలేస్తారు. మెయిన్ ఆపండి. మోటారుకు వెళ్లే మూడు వైర్లనూ స్టార్టర్‌లో ఒక్కో స్థానం జరపండి, ఒకటో వైరు రెండో చోటికి, రెండోది మూడుకి, మూడోది ఒకటికి. మూడూ జరపాలి, రెండే మార్చుకున్నారంటే మోటారు వెనక్కి తిరుగుతుంది. మళ్లీ కొలవండి. ఎక్కువ లాగే వైరు అదే అయితే తప్పు కిందుంది, మోటారులోనో కేబుల్‌లోనో. వైరు మారినా ఆ ఫేజు దగ్గరే ఎక్కువ ఉంటే తప్పు లైన్‌ది, లేదా స్టార్టర్‌ది. మోటారు పైకి తీయనక్కర్లేదు.

(దృశ్యం: స్టార్టర్ నుంచి విప్పిన కేబుల్, మెగ్గర్.)

కిందే అని తేలితే 500 వోల్టుల మెగ్గర్, అంటే కరెంటు ఎర్తుకి లీకవుతోందేమో చూసే మీటరు. మెయిన్ ఆపి, కేబుల్ విప్పి, ఒక్కో వైరుకీ ఎర్తుకీ మధ్య చూడండి. ఒక మెగోమ్ కంటే తగ్గితే ఇక లాగాల్సిందే. లాగాక మోటారును వైండింగ్ షాపుకి పంపేముందు కేబుల్‌ని మోటారుకు కలిపిన జాయింటు కోసి, మోటారును విడిగా మెగ్గర్ చేయండి. చాలాసార్లు నీళ్లు దిగేది జాయింటులోకే. టేపు విప్పి చూస్తే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి కనిపిస్తుంది.

తిరిగి దించేటప్పుడు, నీళ్లు నింపే రకం మోటారైతే, మంచినీళ్లు పోసి బుడగలు ఆగేదాకా ఉండి అప్పుడు ప్లగ్ బిగించండి.